పెరటి కొలను

నీరు గలిగియుండుట సంపద. ఆ నీటివలన నొరులకు కీడు రాకుండ కాచుట ధర్మము. బావి త్రవ్వించి పిట్టగోడ కట్టింపక విడిచినవానిని మన గ్రామములలో నెవ్వరును పుణ్యాత్ముడనరు. సముద్రములు దాటి పోయి, పెరటిలోనే జలాశయము గలవారైన మనవారిలో పలువురీ ధర్మమును మఱచుచున్నట్లు కన్పట్టుటచే నీ నాలుగు మాటలు వ్రాయుచున్నారము.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున, డాలస్ నగరమునకు ఉత్తరముగా నున్న ప్లేనో, ఫ్రిస్కో మొదలగు పట్టణములలో తెలుగు కుటుంబములు వేలకొలదిగా కలవు. అచ్చట వేసవిలో ఎండ 100 ఫారన్‌హీటు డిగ్రీలు దాటుట సామాన్యము గావున ఈతకొలనులు గల యిండ్లు విరివిగా నున్నవి. మేమును అట్టి యింటి నొకదానిని కొంటిమి. మా వంశమున కొలను గలవారము మేమే మొదటివారము. మా యింట మూడేండ్ల బాలిక కలదు. ఏటేట స్వదేశమునుండి వచ్చి యాఱు నెలలుండు అవ్వయు కలదు.

కొలను చుట్టును తోట వేయుటకు పిలిచిన తోటపనివాడు మొట్టమొదట గన్నేరును సూచించెను. ఎండకు వాడదు, దట్టముగా పెరుగును, ప్రక్కయింటివారి చూపునకు తెఱ యగునని యాతని వాదము. గన్నేరు మనకు పూజాపుష్పమే. కాని వేరు మొదలు పూవు వఱకు విషమని మన పల్లెలలో నెఱుగనివారు లేరు. అన్నిటిని నోట పెట్టుకొను పసివారున్న యింట దానికి తావులేదు. అంతకంటెను ముఖ్యమైన దొకటి కలదు. ప్రక్కయింటివారికి తెఱ యగు పొద మనకును తెఱయే. వంటయింటి కిటికీనుండి చూచినప్పుడు నీరంతయు కనబడవలెను. కావున కొలనుకును ఇంటికిని నడుమ మోకాలెత్తు మించని సాల్వియా మొక్కలను, గడ్డిదుబ్బులను మాత్రమే నాటించితిమి. పూలు రాల్చు క్రేప్ మర్టిల్ చెట్లను దూరముగా నుంచితిమి.

అచ్చటి నేల మన నల్లరేగడికి తోబుట్టువు. తడిసిన నుబ్బును, ఎండిన బీటలు వాఱును. కొలను గట్టున మిక్కిలి నీరు కోరు మొక్కలు వేసి దినదినము తడిపినచో ఆ నేల యుబ్బి గట్టునకు పరచిన పలకలను ఎత్తివేయును. రేగడి గుణ మెఱిగిన రైతుబిడ్డల కీ మాట వేఱుగా చెప్ప నక్కఱలేదు. నీటివాలు కొలనునుండి వెలుపలికి పోవునట్లు మన్ను సరిచేయించి, తక్కువ నీటితో బ్రదుకు మొక్కలనే యెంచుకొంటిమి.

ఇక కంచె విషయము. పెరటికి మూడు వైపుల ప్రహరి యున్నచో, నాలుగవ వైపున ఇంటి గోడనే అడ్డుగా పెక్కు పురనిబంధన లంగీకరించును; తలుపునకు గంట యమర్చిన చాలునందురు. పొరుగుబిడ్డకు ఈ ప్రహరి యడ్డమే. మన బిడ్డ కొలనును చేరునది వీథినుండి కాదు, వంటయింటి తలుపునుండి. అమెరికాలో ఒకటి మొదలు నాలుగేండ్ల వయసు పిల్లలు నీట మునిగి చనిపోయినంతగా మఱి యే కారణమునను చనిపోవుట లేదు. మునుగు పసివాడు కేకలు వేయడు. చప్పుడు లేక పోవును.

అందుచే కొలనునకు నాలుగు వైపులను, నాలుగడుగులకు తక్కువ గాని కంచె వేయించితిమి. చువ్వల సందు 4 అంగుళములు మించదు. ద్వారము తనంతట మూసికొని, తనంతట గడియ పడును. గడియ పసిచేతి కందదు. గృహప్రవేశమునకు వచ్చిన మిత్రులలో కొందఱు, "ఇంత చక్కని కొలనును పంజరమున బెట్టితిరి" అని పరిహసించిరి. అందమునకు లోపము కలిగినమాట నిజమే. ఆ లోపము మాకు సమ్మతము. మఱికొందఱు కంచె వేయించియు, దానిని ఆనుకొని పూలకుండీలను, కుర్చీలను, తులసికోటను సైత మమర్తురు. అవి యెక్కుటకు మెట్లు కట్టినట్లే! మా తులసికోట పెరటి యావలి కొనను ఉన్నది.

నీటి యడుగున చూషణరంధ్రమును విస్మరింపరాదు. అమెరికా మాజీ విదేశాంగమంత్రి జేమ్స్ బేకరు మనుమరాలు, ఏడేండ్ల వర్జీనియా గ్రేమ్ బేకరు, 2002లో అట్టి రంధ్రమున చిక్కి మరణించెను. ఆమె తల్లి పట్టువదలక పాటుపడగా 2007లో ఆ బాలిక పేరనే చట్టము వెలసినది. సార్వజనిక కొలనులలో భద్రమైన మూతలు విధిగా నుండవలె నన్నది. ఇంటి కొలనులోని పాతమూతను మార్పించుట మన చేతిలోని పని.

కడపటి మాట యొకటి. మన పల్లెలలో మగపిల్లలు నడుమున బెండు కట్టుకొని బావులలో ఈత నేర్చిరి. ఆడుపిల్లలను గట్టుననే నిలిపితిమి. ఆ బాలికలే నేడు తల్లులు, అవ్వలు. పగలెల్ల పిల్లలను కాచువారును వారే. ఈత రాని యవ్వ మనుమరాలికై నీట దుమికిన నొకటికి రెండు ప్రాణములు పోవును. దుస్తులను గూర్చిన సిగ్గును, "ఈ వయసున నెందుకు" అను సంకోచమును మనమే వారికి నేర్పితిమి, మనమే మాన్పవలెను. మా యింటి అవ్వ అఱువదిరెండవ యేట, ఒంటినిండ బట్టతోనే, ఉపాధ్యాయురాలి యొద్ద ఈత మొదలిడెను. నేడు కొలను అడ్డముగా దాటగలదు. ఈత వచ్చిన మాత్రమున కాపలా మానరాదని యామెయే మాకు చెప్పుచుండును.

కొలను కొనువారు పలకల రంగును, దీపముల సొగసును తరువాత చూచుకొనవచ్చును. మొదట కంచె వేయింపుడు. పిదప ఇంటి స్త్రీలకు ఈత నేర్పింపుడు. ఆ పిమ్మటనే పూలమొక్కలు నాటుడు.