సింగపూరులో ఇరవై నిమిషాలకొక బెంచీ

మా అబ్బాయి తెచ్చి నా చేతిలో పెట్టిన రంగురంగుల కాగితంలో నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు, పదిహేడు చూడదగ్గ స్థలాలు ఉన్నాయి. సింగపూరు యాత్ర. విమానం ఎక్కించడం దగ్గర్నుంచి తిరిగి తీసుకొచ్చి దింపడం వరకు అంతా కంపెనీవారి పూచీ. మనం చెయ్యవలసిందల్లా డబ్బు కట్టడం, వాళ్లిచ్చిన టోపీ పెట్టుకోవడం, జెండా పట్టుకున్న కుర్రవాడి వెనకాల నడవడం.

నేను చదివి మా ఆవిడకిచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఒకచోట వేలు పెట్టి చూపించింది. "బొటానిక్ గార్డెన్స్ – నలభై నిమిషాలు" అని ఉంది అక్కడ.

"నలభై నిమిషాల్లో ఏ చెట్టుని చూస్తామండీ?" అంది.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. రాజమండ్రిలో మా పాత ఇంటికి పెద్ద పెరడుండేది. కడియం నర్సరీలు ఊరికి దగ్గరే గదా. ఆవిడ అటు వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చిన రోజు లేదు. పారిజాతం, నందివర్ధనం, సన్నజాజి పందిరి, మూల మీద మా నాన్నగారు నాటిన పొగడచెట్టు. మూడేళ్ల కిందట ఆ స్థలం అపార్టుమెంట్లు కట్టేవాళ్లకిచ్చాం. "ఇచ్చాం" అనడం మర్యాదకి. సంతకం పెట్టి వచ్చి ఆవిడతో చెప్పినవాణ్ణి నేను. ఇప్పుడు మా వాటా మూడో అంతస్తులో ఉంది. బాల్కనీలో పదకొండు కుండీలు. ఆవిడ ఆ ప్రసక్తి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు మాటలంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"మనంతట మనమే వెళ్దాం" అన్నాను.

"అమ్మ మోకాళ్లతోనా, నాన్నగారూ?" అన్నాడు మా అబ్బాయి.

వాడి భయం న్యాయమైనదే. అంచేత ప్రయాణానికి ఏర్పాట్లు సింగపూరు పటంతో కాక, ఆ మోకాళ్లతోనే మొదలు పెట్టాను.

ముందు కొలవవలసింది

వారం రోజులపాటు పొద్దున్నే గోదావరి గట్టు మీద ఆవిడతో నడిచాను. ఎంతసేపు నడవగలదో గడియారం పెట్టి చూశాను. ఇరవై నిమిషాలు హాయిగా నడుస్తుంది. ఆ తరవాత పావుగంట కూర్చోవాలి. మళ్లీ ఇరవై నిమిషాలు. అలా నాలుగు విడతలు. అయిదోది అడిగితే రాత్రి కాపడం పెట్టాలి. ఈ లెక్క నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. మిగతా పేజీలన్నీ దాని ప్రకారమే నడిచాయి.

ఆ లెక్క తెలిశాక కంపెనీవారి పదిహేడు స్థలాల్లో పదకొండు వాటంతటవే రాలిపోయాయి. చదువరుల్లో ఎవరైనా సొంతంగా వెళ్లదలిస్తే నేను చెప్పే మొదటి మాట ఇదే: ఊరు ఎంత ఉందో తరవాత చూసుకోవచ్చు. మనతో వచ్చేవాళ్లలో అందరికంటె తక్కువ నడవగలిగిన వాళ్లు ఎంత నడుస్తారో ముందు తెలుసుకోండి.

రెండోది వాతావరణం. సింగపూరు భూమధ్యరేఖకు ఇంచుమించు ఒక డిగ్రీ ఉత్తరాన ఉంది. ఏడాది పొడుగునా ఉక్క ఒక్కలాగే ఉంటుంది. పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. సూర్యుడు ఏడు గంటల ప్రాంతంలో గాని ఉదయించడు. వాళ్ల గడియారం మనకంటె రెండున్నర గంటలు ముందు. నవంబరు నుంచి జనవరి దాకా వానలు జాస్తి. ఫిబ్రవరిలో కాస్త తెరిపి. మేము ఫిబ్రవరిని ఎంచుకున్నాం.

మూడోది కాగితాలు. మన దేశస్థులకు వీసా కావాలి. దాన్ని అధికారం పొందిన ఏజెంటు ద్వారా పెట్టుకోవచ్చు. చేరడానికి ముందు మూడు రోజుల్లోపు రాకపోకల పత్రం ఒకటి ఫోనులోనే పూర్తిచెయ్యాలి. దానికి రుసుము లేదు. అది చేసిపెడతామని డబ్బడిగే వాళ్లను నమ్మవద్దు.

బస ఎక్కడ?

నోటుబుక్కులో ఎక్కువ పేజీలు తీసుకున్నది ఈ ప్రశ్నే. సముద్రం కనిపించే గది కావాలని నా కోరిక. ఆ గదుల అద్దె చూశాక కోరిక దానంతటదే చల్లారింది. తీరా పటం పరిచి చూస్తే ఒక సంగతి కనిపించింది. అక్కడి భూగర్భ రైళ్లలో నీలం రంగు గీత ఒకటుంది, డౌన్‌టౌన్ లైను. లిటిల్ ఇండియా అనే స్టేషనులో ఎక్కితే ఒకవైపు మూడో స్టేషను బొటానిక్ గార్డెన్స్. రెండోవైపు నాలుగోది బేఫ్రంట్. సముద్రం పూడ్చిన నేల మీద వెలసిన కొత్త తోటకు అదే దారి. రెండు తోటలకూ బండి మారనక్కరలేదు. పైగా లిటిల్ ఇండియాలో ఇడ్లీ దొరుకుతుంది, సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉంది. అంచేత ఆ పేటలోనే చిన్న గది తీసుకున్నాం. కిటికీలోంచి సముద్రం కనిపించలేదు గాని, పొద్దున్నే మల్లెపూల దండలు కట్టే కొట్టు కనిపించేది. మా ఆవిడకు అదే నచ్చింది.

ఇక రోజువారీ పథకం. పొద్దున్న ఏడున్నర నుంచి పదిన్నర దాకా ఒక తోట. ఎండ ముదిరాక గదికి తిరిగి రావడం, భోజనం, నిద్ర. సాయంత్రం అయిదు దాటాక మరొకచోటు, లేదా ఏమీ లేదు. "ఏమీ లేదు" అని పథకంలో రాయడం చూసి మా అబ్బాయి నవ్వాడు. తరవాత ఆ ఖాళీయే మమ్మల్ని ఆదుకున్నది.

దారిలోనే తోట

విశాఖపట్నంలో రాత్రి విమానం ఎక్కి తెల్లవారేసరికి దిగాం. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే రోడ్డుకు రెండు పక్కలా నిద్రగన్నేరు చెట్లు పందిరి పట్టినట్టు కమ్ముకుని ఉన్నాయి. టాక్సీలో మా ఆవిడ కిటికీకి అతుక్కుపోయింది.

"కొమ్మల మీద చూశారా? ఎవరో పనిగట్టుకుని పెంచినట్టు ఫెర్నులు!"

రోడ్డు దాటే వంతెనల అంచులవెంట కాగితంపూలు వేలాడుతున్నాయి. ఇదంతా దానంతటది మొలిచింది కాదు. 1963లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ తన చేత్తో ఒక మొక్క నాటి చెట్లు నాటే ఉద్యమం ప్రారంభించాడు. 1967లో ఊరిని తోటల నగరం చెయ్యాలన్నది ప్రభుత్వ విధానమయింది. అప్పటికి వాళ్లకు ఇళ్లు చాలవు, ఉద్యోగాలు చాలవు, నీళ్లు చాలవు. అయినా చెట్లు తరవాత చూసుకుందాంలే అనలేదు. ఈ సంగతి టాక్సీలో చెప్పాను. మా ఆవిడ "ఊఁ" అంది.

రబ్బరు పుట్టిన చోటు

బొటానిక్ గార్డెన్స్ 1859లో వేసిన తోట. 2015లో యునెస్కోవారు దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. పొద్దున్న అయిదింటికి తెరిస్తే అర్ధరాత్రి దాకా తలుపులు మూయరు. ప్రవేశానికి డబ్బు లేదు. లోపల ఆర్కిడ్ల తోటకు మాత్రం టిక్కెట్టుంది. ఈ కొస నుంచి ఆ కొసకు రెండున్నర కిలోమీటర్లు. మా లెక్కకు అది ఒకనాటి పని కాదు. అంచేత రెండు పొద్దులు కేటాయించాం: మొదటిరోజు ఉత్తరపు కొస, మూడోరోజు దక్షిణపు కొస.

1877లో ఇంగ్లండులోని క్యూ తోటనుంచి రబ్బరు మొక్కలు ఇక్కడికి వచ్చాయి. 1888లో వచ్చిన హెన్రీ రిడ్లీ అనే దొర చెట్టు చావకుండా మళ్లీ మళ్లీ పాలు తీసే గాటు పద్ధతి కనిపెట్టాడు. కనబడిన ప్రతి తోటల యజమానికీ రబ్బరు నాటమని చెబుతూంటే జనం ఆయనకు "పిచ్చి రిడ్లీ" అని పేరు పెట్టారు. మోటారు కార్లు వచ్చాక టైర్లకు రబ్బరు కావలసివచ్చింది. మలయా అంతా రబ్బరు తోటలయింది. అక్కడ పనిచెయ్యడానికి ఓడలెక్కిన వాళ్లలో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు. ఒక చెట్టు గాటు ఎంతదూరం వచ్చి తగిలిందో చూడండి!

అల్లం జాతుల తోటలో మా ఆవిడ గంట కూర్చుంది. పసుపు, అల్లం, వాటి చుట్టాలు వందలకొద్దీ. "ఇది మన కచ్చూరాలు కాదూ?" అని ఒక్కొక్కదాన్నీ పలకరించింది. కంపెనీవారి నలభై నిమిషాలు అక్కడే అయిపోయేవి.

ఇనప చెట్లు

రెండోనాడు సాయంత్రం గార్డెన్స్ బై ద బే చూశాం. 2012లో తెరిచారు. బయటి తోటలు ఉచితం. రెండు అద్దాల మందిరాలకు టిక్కెట్టు. నెలలో కొన్ని రోజులు మరమ్మతులకు ఒక్కొక్క మందిరం మూస్తారు గనక తేదీలు ముందే చూసుకోవాలి. ఒకదానిలో చల్లని సీమల పూలు, శాలువా ఉండాలి. రెండోదానిలో ముప్ఫయ్యైదు మీటర్ల కొండ, దానిమీద నుంచి జలపాతం. బయట ఉక్కుతో కట్టిన మహావృక్షాలు. అన్నిటికంటె పొడుగుది యాభై మీటర్ల ఎత్తు. వాటి ఒళ్లంతా మొక్కలు పాకించారు. చీకటి పడ్డాక సంగీతానికి తగినట్టు దీపాలు వెలిగిస్తారు. జనం నేలమీద వెల్లకిలా పడుకుని చూస్తున్నారు. మా ఆవిడ కూడా కొంగు సర్దుకుని పడుకుంది. నలభై రెండేళ్ల కాపురంలో ఆవిడను నలుగురి మధ్య అలా చూడడం అదే మొదలు.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఇనప చెట్టు బాగానే ఉంది. నీడ చూడాలంటే పగలు రావాలి" అంది.

ఆ ఉత్సాహంలో అయిదో విడత నడిచాం. ఆరోది కూడా. రాత్రి మోకాలు వాచింది.

టెంబుసు చెట్టు కింద

మూడోరోజు పొద్దున్న పథకం మూలపడింది. మధ్యాహ్నం దాకా గదిలో కాపడం. నాకు మా అబ్బాయి మాటలు గుర్తొచ్చాయి. సాయంత్రం ఖాళీ ఉంది గనక, ఆవిడే, "దక్షిణపు కొస ఇప్పుడు చూద్దాం. టాక్సీలో గుమ్మందాకా వెళ్దాం" అంది.

టాంగ్లిన్ ద్వారం నుంచి మెల్లగా నడిచి టెంబుసు చెట్టు దగ్గరకు చేరాం. సింగపూరు అయిదు డాలర్ల నోటు వెనక బొమ్మ ఆ చెట్టుదే. నేలకు దగ్గరగా అడ్డంగా చాచిన కొమ్మతో సహా వేశారు. ఆవిడ సంచీలోంచి నోటు తీసి, చెట్టునూ బొమ్మనూ మార్చి మార్చి చూసింది. ఎదురుగా కూర్చున్నాం.

"తోటకంటె ముందునుంచీ ఉందిట గదా ఇది" అంది.

"అవును."

"తోట వేసినవాళ్లు దీన్ని ఉంచి వేశారన్నమాట."

ఆ తరవాత ఆవిడేమీ అనలేదు. నేను పొగడచెట్టు గురించి మూడేళ్లుగా అనలేని మాట అప్పుడన్నాను. "ఆ రోజు సంతకానికి ముందు నిన్ను అడగవలసింది."

ఆవిడ నోటు మడిచి సంచీలో పెట్టుకుంది. "అడిగితే సరేననే దాన్ని. అబ్బాయి చదువు అప్పులు నాకు తెలియవా? అయినా అడిగితే బాగుండేది" అంది. కొంచెంసేపాగి, "ఆ చెట్టు ఒక్కటీ ఉంచి కట్టమని చెప్పేదాన్ని" అంది.

నేను లేవబోయాను. "కూర్చోండి. ఇంకా పావుగంట కాలేదు" అంది.

తిరుగు ప్రయాణం

నాలుగోనాడు కొండల మీది వంతెన నడక ఉండేది. దాన్ని కొట్టేశాం. సాయంత్రం ఈస్ట్ కోస్టు పార్కుకు టాక్సీలో వెళ్లి సముద్రం ఒడ్డున కూర్చున్నాం. 1966 నుంచి సముద్రాన్ని పూడ్చి తయారుచేసిన నేల అది. ఎదురుగా లంగరేసిన ఓడలు బారులు తీరి ఉన్నాయి. చీకటి పడేసరికి నీళ్లమీద ఇంకొక ఊరు వెలిసినట్టు దీపాలు వెలిగాయి. ఏమీ చూడకుండా రెండు గంటలు గడిపాం. ఆ రెండు గంటలూ ఏ కంపెనీ కాగితంలోనూ ఉండవు.

ఇంటికి వచ్చాక మా అబ్బాయి నోటుబుక్కు తిరగేసి, "పదిహేడింటిలో నాలుగే చూశారా?" అన్నాడు.

"నాలుగు చూశాం" అంది మా ఆవిడ.

మొన్న మా అపార్టుమెంట్ల సంఘం సమావేశంలో, మోటారు సైకిళ్లు పెట్టే మూల ఆరడుగుల జాగా మొక్కకు వదలాలని ఆవిడ లేచి అడిగింది. ఇంకా తేలలేదు. పొగడ మొక్క మాత్రం కడియం నుంచి వచ్చి, బాల్కనీలో పన్నెండో కుండీలో ఉంది. వచ్చే ఏడు ఊటీ వెళ్దామా అన్నాను. అనడమే, నోటుబుక్కు లాక్కుంది. నిన్న చూస్తే మొదటి పేజీలో ఒకే ఒక్క వాక్యం రాసి ఉంది: "బెంచీలు ఎక్కడెక్కడున్నాయో కనుక్కోవాలి."