ముందిరుసు

ఇరుసులును బేరింగులును గృహిణుల కేల యని కొంద రనవచ్చును. దశరథుని రథమున కిరుసుచీల యూడినప్పుడు కైకేయి తన వ్రేలిని నిలిపి కాచినదని పెద్దలు చెప్పుదురు. ఆ కథ వాల్మీకి రామాయణమున లేదు; అయినను మన యిండ్లలో నెరుగనివారు లేరు. కావున ఇరుసుమాట మనకు క్రొత్తది కాదు.

మా వారు పాడేరు మన్యమున నుపాధ్యాయులు. మాకొక పాత మారుతీ జిప్సీ కలదు. ఈ బండి మన దేశమున 1985లో వెలువడినది; మాది 1996లో వచ్చిన 'కింగ్' తరగతికి చెందినది. 2019 నాటికి సామాన్యులకు దీని యమ్మకము నిలిచిపోయినను, నాలుగు చక్రములకును బలము నందించు నీ చిన్నబండిని విడువ మాకు మనసొప్పలేదు. ఊరిలో నెవరికైన రాత్రివేళ నొప్పులు వచ్చిన, పాడేరు ఆసుపత్రికి చేర్చునది ఇదియే.

గత వర్షాకాలమున, వేగము కొంచెము హెచ్చినంతనే స్టీరింగు చేతులలో గజగజ వణక నారంభించినది. ఇరుసుకొనన గుండ్రని డిప్పవలె నుండు నకిలునుండి జిడ్డు కారుచుండెను. కొండక్రింది మేస్త్రి యొకడు చక్రములను బ్యాలెన్సు చేసి, పైసీలు మాత్రము మార్చి సొమ్ము పుచ్చుకొనెను. పదునైదు దినములకు మరల వణకు, మరల జిడ్డు. ఆ వారమే యొక నిండుచూలాలిని ఆసుపత్రికి చేర్చవలసి యుండెను. ఆమెను మా బండిలో నెక్కించుటకు మాకు ధైర్యము చాలలేదు. వేరొకరి జీపు కుదిర్చి పంపి, పాడేరునుండి యొక వృద్ధ మేస్త్రిని ఇంటికే రప్పించితిమి.

ఆయన చెప్పగా మాకు బోధపడిన దిది. ఇరుసుగొట్టములో పళ్లచక్రములకై పలుచని నూనె యుండును. నకిలులో, చక్రము మళ్లినను తిరుగుట మానని కీలునకై చిక్కని గ్రీజు, అనగా మన బండ్లవారి కందెనవంటిది, యుండును. ఈ రెంటి నడుమ కావలి యుండునది లోపలిసీలు. అది యరిగినచో నూనె వచ్చి గ్రీజును పలుచన చేసి, పైసీలును దాటి బయట పడును. పైసీలు మాత్రము మార్చుట, పొయ్యి తగ్గింపక పొంగుపాలకు మూత పెట్టుట వంటిది.

వణకునకు కారణము వేరు. నకిలునకు పైనొకటి, క్రిందనొకటి కింగ్‌పిన్నులు కలవు. వాని బేరింగులపైననే చక్రము కుడియెడమలకు మళ్లును. బండి నెత్తి నిలిపి, చక్రమును పైనను క్రిందను పట్టి కదల్పుమని మేస్త్రి మాతో ననిరి. లొడలొడ కదలినది.

బ్రేకుభాగము నూడదీసి, దాని రబ్బరుగొట్టముపై బరువు పడకుండ తీగతో కట్టిరి. పైపిన్నును క్రిందిపిన్నును తారుమారు కాకుండ గుర్తులు పెట్టిరి. బేరింగులు తీయగా గిన్నెలలో రోలర్లు ఒత్తిన గాట్లు కనబడినవి. కుర్రవాడు క్రొత్త రోలర్లను పాతగిన్నెలలోనే కూర్చబోవ, మేము వలదంటిమి. తిరుగలి పైరాయి మార్చి అరిగిన క్రిందిరాయినే యుంచిన పిండి యెట్లుండునో మనకు తెలియదా! వృద్ధుడు నవ్వి, గిన్నెలను గూడ ఇత్తడికడ్డీతో కొట్టించి తీయించిరి.

పూట యంతయు పట్టినది రేకుల పనికి. పిన్నుల యడుగున కాగితమువంటి రేకులుండును. రేకు తీసిన బేరింగు బిగియును. మిక్కిలి బిగిసిన స్టీరింగు బరువగును, వదులైన వణకు మరల వచ్చును. సీలు బిగింపకముందే స్ప్రింగుత్రాసు కొక్కెమును తగిలించి లాగి, నకిలు ఎంత బరువునకు కదలునో చూచుచు రేకులను తీయుచు పెట్టుచు నుండిరి. మా యత్తగారు రెండుమారులు కాఫీ పంపిరి, రెండుమారులును చల్లారినది.

ఎడమప్రక్క పని జీతము వచ్చిన పిమ్మట చూతమని మా వారనిరి. మే మొప్పుకొనలేదు. చీటికి కట్టవలసిన సొమ్ము తీసి యిచ్చితిమి. రెండవనాడు అదియు పూర్తియైనది.

పదునొకండవ దినమున బాలింతను, బిడ్డను మా బండిలోనే యూరికి తెచ్చితిమి. మలుపులలో స్టీరింగు వణకలేదు. ఇల్లు చేరి, దీపము పట్టుకొని, నకిళ్ల రెంటిని గుడ్డతో తుడిచి చూచితిమి. నూనె లేదు.