పట్నంలో దొరికిన మన రొట్టె

మాది ఝరాసంగం. పెండ్లిరోజు వస్తే మంచి భోజనం కోసం హైదరాబాదు వెళ్లడం మా ఇంట్లోనూ అలవాటైంది. ఈసారి అమ్మను కూడా తీసుకొని బయలుదేరాము.

జహీరాబాదు నుండి సదాశివపేట, సంగారెడ్డి మీదుగా 100 కిలోమీటర్లకు పైగా బస్సు ప్రయాణం. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ కనిపించింది. 1972లో ఏర్పడిన ఈ సంస్థ జొన్న, సజ్జ పంటలపై పరిశోధనలు చేస్తుందని పిల్లలకు చెప్పాము. "జొన్నల మీదనా?" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

హోటల్లో చల్లని గది, తెల్లని బట్ట పరచిన బల్ల. ధరల పట్టీ చదువుతున్న మా అమ్మాయి, "నానమ్మా, ఇక్కడ జొన్న రొట్టె ఉంది!" అన్నది. తెప్పించాము. అరచేతి పాటి రెండు రొట్టెలు, చిన్న గిన్నెలో పల్లీల పొడి. ఆ ధరకు మా ఊళ్లో కొన్ని కిలోల జొన్నలు వస్తాయి.

అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకొని, "చుట్టాలొస్తే ఇవి చేయొద్దంటిరి గదా బిడ్డా" అన్నది.

మాకు మాట రాలేదు. చిన్నతనమని అలా అన్నది మేమే. మా ప్రాంతపు పల్లెల్లో చిరుధాన్యాలను కాపాడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. లోకం గుర్తించింది గాని, ఇంట్లో మేము గుర్తించలేదు.

పట్నం భోజనం తప్పని మేము అనడం లేదు. మళ్లీ వెళ్తాము కూడా. అయితే తరువాతి ఆదివారం చుట్టాలు వచ్చినప్పుడు, అమ్మ అడగకముందే జొన్నపిండి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాము.