గండిపేట ఒడ్డున ఒక ఆదివారం

భూమిపై సంచరించి, అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో చూడమని దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌కబూత్ సూరా మనకు బోధిస్తుంది. ఆ సంచారానికి దూరదేశాలే పోనక్కరలేదు. హైదరాబాదుకు పడమట సుమారు ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్న గండిపేట చెరువు కూడా చూడగలిగిన కంటికి ఒక పాఠశాలయే. అమ్మీజాన్‌ను, పిల్లలను వెంటబెట్టుకొని మొన్న ఒక ఆదివారం మేము అక్కడికి వెళ్ళాము.

ఈ జలాశయం అసలు పేరు ఉస్మాన్ సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరద నగరంలో వేలాది ప్రాణాలను తీసింది. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టునెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. అటువంటి విపత్తు మళ్ళీ రాకుండా ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన ప్రణాళిక ఫలితమే ఈ జంట జలాశయాలు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ముంచివేసిన నీరే ఆ తరువాత తరతరాల దాహం తీర్చింది. కష్టం వెంట సౌలభ్యమున్నదన్న దైవవాక్యాన్ని పిల్లలకు ఇక్కడ చూపి మరీ చెప్పవచ్చు.

ఒడ్డునున్న పార్కులోని నడకదారులలో పిల్లలు ముందు పరుగెత్తారు. అమ్మీజాన్ మెల్లగా నడిచి ఒక చెట్టునీడన కూర్చున్నారు. “గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదును విడిచి పోలేడని మా అబ్బా అనేవారు” అని ఆమె చెప్పగా, మా చిన్నమ్మాయి “దాదీ, మనం తాగేది ఈ నీళ్ళేనా?” అని ఆశ్చర్యపోయింది.

భోజనాల వేళ పక్కనే కూర్చున్న ఒక కుటుంబం బిస్మిల్లాహ్ అని తినడం మొదలుపెట్టి, ముగించాక ఎంగిలి పళ్ళేలను, ప్లాస్టిక్ గ్లాసులను నీటి అంచునే వదిలి లేచింది. మేము ఏమనాలో తోచక చూస్తుండగా అమ్మీజాన్ ఖాళీ సంచి తీసుకొని వారి దగ్గరకు వెళ్ళారు. “బేటీ, ఇవి ఇందులో వేయండి. ఈ నీళ్ళు రేపు మీ కుండలోకో, మా కుండలోకో వచ్చేవే కదా” అన్నారు. ఆ ఇల్లాలు సిగ్గుపడి, పిల్లలతో కలిసి అంతా ఏరివేసింది. వెళ్ళేటప్పుడు అమ్మీజాన్‌కు సలాం చెప్పి, దుఆ చేయమని కోరింది.

దారిలోని బాధాకర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేయడాన్ని ఆయన నిషేధించారు. ఆయన ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకు మించని నీటితో, వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. అస్ర్ వేళకు మేము ఒక్కొక్క లోటా నీటితో వుజూ చేసుకున్నాము. షరీఅత్ ప్రకారం ఈ కొద్దిదూరం ప్రయాణంగా లెక్కకు రాదు గనుక కసర్ లేకుండా నాలుగు రకాతులూ పూర్తిగా చేశాము.

ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడాలను నిషేధిస్తూ 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. 2022లో మరొక ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించింది. ఉత్తర్వులు వస్తాయి, పోతాయి. కాని నీరు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అన్న మాట మారదు. విహారానికి వెళ్ళే ప్రతి కుటుంబం అన్నంమూటతోపాటు చెత్తకొక సంచి తీసుకువెళ్ళడం ఆ అమానత్‌ను కాపాడటంలో మొదటి మెట్టు.

రాత్రి పడుకునేముందు ముల్క్ సూరా చదివే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. మీ నీరు భూమిలోకి ఇంకిపోతే ప్రవహించే నీటిని మీకెవరు తెచ్చి ఇస్తారన్న ప్రశ్నతోనే ఆ సూరా ముగుస్తుంది. ఆ ప్రశ్న వద్ద ఒక్క క్షణం ఆగి, పిల్లలకు దాని అర్థం చెబుదాము.