అమ్మ తల... నాన్న గుండె

మా ఇంట్లో అమృతాంజనం సీసా ఎప్పుడూ అమ్మ దిండు కిందే ఉండేది. నెలకు రెండుమూడుసార్లు పార్శ్వపునొప్పి. ఆ రోజు కిటికీలు మూసేసి, తలకు గుడ్డ బిగించి కట్టుకుని పడుకునేది. మేం గిన్నె చప్పుడు కూడా కానిచ్చేవాళ్లం కాదు. నాన్నకు మాత్రం ఆ బాధే తెలీదు. ‘‘తలనొప్పంటే ఎలా ఉంటుందే?’’ అని అమ్మని ఆటపట్టించేవాడు. 54వ ఏట ఓ తెల్లవారుజామున గుండెపోటుతో పోయాడు. అమ్మకి 80 దాటాయి. ఇప్పటికీ ఆ సీసా దిండు కిందే.

ఆ రెంటికీ చుట్టరికం ఉండొచ్చని ఏనాడూ అనుకోలేదు, ఎండోథెలిన్ గురించి చదివేదాకా.

1988లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంలో మసాషి యనగిసావా, ఆయన సహచరులు పంది బృహద్ధమని లోపలిపొర కణాల్లో దీన్ని కనుక్కున్నారు. 21 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. రక్తనాళాన్ని పిడికిట్లో పెట్టి నొక్కినట్టు బిగిస్తుంది. ఇజ్రాయెల్ ప్రాంతంలో నేలలో దూరి బతికే ఓ పాము విషంలోనూ ఇలాంటి పదార్థమే ఉందట! ఆ పాము దాచుకున్న ఆయుధంలాంటిది మన ఒంట్లోనూ తయారవుతోందన్నమాట. తేడా మోతాదులోనే. ఆరో క్రోమోజోమ్ మీది ఓ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తే అంత ఎండోథెలిన్. రక్తంలోంచి నిమిషాల్లో మాయమైనా, నాళం మీద దాని పట్టు ఓ పట్టాన వదలదు.

2017లో శాస్త్రవేత్తలు మరో సంగతి చెప్పారు. అదే క్రోమోజోమ్ మీద, ఈ జన్యువుకు బాగా దూరంలో, ‘ఎ’ ఉండాల్సిన చోట కొందరికి ‘జి’ ఉంటుంది. అలాంటివాళ్లకి గుండె ధమనుల జబ్బు ముప్పు కాస్త ఎక్కువ, పార్శ్వపునొప్పి ముప్పు కాస్త తక్కువ! ఆ అక్షరం ఎండోథెలిన్ జన్యువును ఎగదోస్తుందని వాళ్ల వాదన. మరుసటి ఏడాదే ఇంకో బృందం తాము పెంచిన కణాల్లో అలాంటిదేమీ కనిపించలేదంది. కారణం మీద తగువున్నా, అక్షరానికీ జబ్బులకీ ఉన్న లంకె మాత్రం నిలిచింది.

నాన్న రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు. అది మరిచిపోయి ఒక్క అక్షరాన్ని ఆడిపోసుకోవడం అన్యాయమే. అయినా మనసు ఊరుకోదు కదా...

నాకు అమ్మ తలనొప్పే వచ్చింది. తమ్ముడు ఇంతవరకూ తలనొప్పి ఎరగడు. వాడికి ఇదంతా చెప్పలేదు. మొన్న ఫోన్లో ‘‘ఓసారి బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోరా’’ అన్నాను.

‘‘ఎందుకక్కా, గుండ్రాయిలా ఉంటేనూ!’’ అని నవ్వాడు. అచ్చం నాన్న నవ్వే.