కొట్టక్కల్‌లో 21 రోజులు

పొద్దున లేస్తే గంటసేపు వేళ్లు ముడుచుకోవు. పాలగిన్నె దించాలన్నా భయమే. మా అమ్మాయి దువ్వెన తెచ్చి జడ వేయమంటే, "నానమ్మ దగ్గరకెళ్లమ్మా" అని పంపేసి, వంటింట్లో కూర్చుని ఏడ్చాను. డాక్టరుగారు కీళ్లవాతం అన్నారు. దానికి తోడు నడుంనొప్పి సరేసరి.

ఆ బాధలో ఒక తప్పు చేశాను. ఎవరో చెబితే నాటుమందు పొడి తెప్పించుకున్నాను. వారం తిరక్కుండా నొప్పులు మాయం! డాక్టరుగారి మాత్రలు మానేశాను. మూడు నెలలకల్లా మొహం ఉబ్బింది, షుగరు పెరిగింది. ఇలాంటి కొన్ని పొడుల్లో స్టెరాయిడ్లు కలుపుతారట. చటుక్కున మానినా ప్రమాదమేనని, డాక్టరుగారు చీవాట్లు పెట్టి, మెల్లమెల్లగా మాన్పించారు.

"ఆయుర్వేదమంటే అది కాదు వదినా" అని మా ఆడపడుచు పట్టుబట్టింది. డాక్టరుగారిని అడిగి, ఇద్దరం కేరళ బయల్దేరాం.

చెన్నైలో రాత్రి మంగళూరు మెయిలు ఎక్కి, తెల్లవారాక తిరూర్‌లో దిగాం. అక్కడికి కొట్టక్కల్ సుమారు 16 కిలోమీటర్లు. దారంతా కొబ్బరి, పోకచెట్లు. మన కోనసీమే అనిపిస్తుంది, కాకపోతే అంతా ఎత్తుపల్లాల నేల. పి.ఎస్. వారియర్ గారు 1902లో ఈ ఊళ్లోనే ఆర్యవైద్యశాల పెట్టారు. ఆయన పేరున కథాకళి బృందం కూడా ఉంది.

వైద్యురాలు ముందు నా కాగితాలన్నీ చూసింది. "ఈ మాత్రలు మానొద్దు" అన్నదే ఆవిడ మొదటి మాట. నా భయం సగం తగ్గింది.

నూనెతో మర్దన చేస్తారనుకుని వెళ్లానా, మొదట్లో చుక్క నూనె తగలనివ్వలేదు! కీలు వాచి, వేడిగా ఉంటే దాన్ని ఆమవాతం అంటారు. అప్పుడు నూనె పనికిరాదట. పొడి మూటలతో కాపడం, కషాయం, తేలిక భోజనం, అంతే. వాపు తీశాకే ఆకుమూటల కాపడం మొదలెట్టారు. మన బాలింతల స్నానంలో వేసే వావిలాకు, ఆముదపాకు అక్కడ కనిపిస్తే పుట్టింటివాళ్లు ఎదురైనట్టనిపించింది.

తర్వాత పిళిచ్చిల్. చెక్క తొట్టెలో పడుకోబెట్టి, గోరువెచ్చని నూనెలో గుడ్డలు ముంచి ఒంటిమీద పిండుతూ మెల్లగా రాస్తారు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారు, మొహమాటం అక్కర్లేదు. చివర్లో ఞవర బియ్యాన్ని పాలు, కషాయంలో ఉడికించి మూటలు కట్టి రుద్దారు. నడుముకి కటివస్తి. గారెలకు రుబ్బుకునే మినుములే అక్కడ పిండై, నడుం మీద గట్టులా నిలిచాయి! అందులో గోరువెచ్చని నూనె పోసి, చల్లారినప్పుడల్లా మారుస్తారు.

పగటి నిద్ర, చన్నీళ్లు బంద్. పెసలు, గంజి మాత్రం పుష్కలం. నాలుగోరోజుకే ఆవకాయ కలలోకి వచ్చిందంటే నమ్మండి!

నయమైపోయిందా అంటే, లేదు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని వైద్యురాలే చెప్పింది. కానీ నడుం తేలికయింది. పొద్దుటి బిగుతు గంట నుంచి పావుగంటకు దిగింది. ఇంటికొచ్చాక డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించి, నొప్పి మాత్రలు తగ్గించారు, అసలు మందు మాత్రం ఉంచారు. కషాయం సంగతీ ఆయనకు దాచలేదు.

వెళ్లదలచుకున్నవాళ్లు గది ముందే ఖాయం చేసుకోండి. ఆషాఢ, శ్రావణాల్లో వచ్చే వాళ్ల కర్కాటక మాసంలో రద్దీ ఎక్కువ. పాత రిపోర్టులు, వేసుకునే మాత్రలు వెంట తీసుకెళ్లండి. పేరూ ఊరూ లేని పొడుల జోలికి మాత్రం పోకండి.

మొన్న ఆదివారం మా అమ్మాయికి నేనే జడ వేశాను. కాస్త వదులుగానే వచ్చింది. అయినా అది సాయంత్రం దాకా విప్పనివ్వలేదు.