వెల్డింగ్ పెట్టరాని సైకిల్

పెర్కిట్‌లో కొత్త సైకిల్ కనబడితే ధర తర్వాత అడుగుతారు. ముందడిగేది 'ఎన్ని కిలోలు మోస్తది?' అని. గడ్డి మోపు, పాల క్యాన్లు, బియ్యం సంచి... ఇక్కడ సైకిల్ అంటే సగం క్యారియరే. నా దానికి క్యారియర్ లేదు. స్టాండు లేదు, మడ్‌గార్డులు లేవు. ఒక్క చేత్తో లేపితే లేస్తది. నల్ల సైకిల్ ఇరవై కిలోలకు అటూ ఇటూ ఉంటే, ఇది తొమ్మిది, పది. 'గిది సైకిలా, బొమ్మనా?' అని చాయ్ హోటల్ దగ్గర పెద్దమనుషులు నవ్వుతారు. లేపి చూశాక మాత్రం నవ్వు ఆగుతుంది.

దీని పేరు వీటస్ 979. ఫ్రాన్స్‌లోని సాంత్ ఎతియెన్‌ది. ఫ్రేమ్ అల్యూమినియం. ఇప్పుడు అల్యూమినియం సైకిళ్లు ప్రతి షోరూంలో ఉంటాయి, అందులో వింతేముంది అంటారా? ఇప్పటివాటిలో ఎక్కువ భాగం లావు గొట్టాలను వెల్డింగ్ చేసి అతికినవి. వీటస్ గొట్టాలు ఇనుప సైకిల్ గొట్టాల్లాగే సన్నం, పైగా ఒక్క వెల్డింగ్ కూడా లేదు. మూలల్లో ఉండే ముక్కల మీదికి గొట్టాలు తొడిగి, మధ్యలో ఎపాక్సీ జిగురు పూసి, వేడిలో గట్టిపడేలా చేశారు. అంటే మొత్తం ఫ్రేమ్ జిగురు మీద నిలబడి ఉంది! విమానాల్లో అల్యూమినియం అతికే పద్ధతే ఇది. ఇటలీలో అలాన్ కంపెనీ 1972లోనే మొదలుపెట్టింది, కాకపోతే వాళ్లు జిగురుతో పాటు మరలు కూడా తిప్పారు. వీటస్ వాళ్లు 1979లో జిగురొక్కదాన్నే నమ్ముకున్నారు. ఐర్లాండ్ రేసర్ షాన్ కెల్లీ ఎన్నో ఏళ్లు ఈ మోడల్ మీదే గెలిచాడు. రాళ్లు పరిచిన రోడ్ల మీద సాగే పారిస్–రూబే రేసును 1984లో, 1986లో కొట్టింది ఆయనే.

అలాంటిది పెర్కిట్‌కు ఎట్లా వచ్చిందంటే, మా ఏరియాకు అన్నీ వచ్చిన తోవనే. దుబాయ్ నుంచి. మా కాక అక్కడ ఒక తెల్లాయన దేశం పోతూ అమ్ముతుంటే కొన్నాడు. డ్యూటీకి తొక్కుతా అనుకున్నాడట. డ్యూటీ దూరం, ఎండ... ఏళ్ల తరబడి రూంలో మంచం కిందనే ఉంది. చివరికి చక్రాలు ఊడదీసి, అట్టపెట్టెలో దుప్పట్ల మధ్య పెట్టి పట్టుకొచ్చి నాకిచ్చాడు.

ఇక ఊరి సంగతి. పెర్కిట్ ఇప్పుడు ఆర్మూర్ మున్సిపాలిటీలో భాగం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబర్ హైవే ఇక్కడి మీదుగానే పోతుంది. పసుపు ఊరు, ట్రాక్టర్ల ఊరు, కాబట్టి వెల్డింగ్ షాపులకు కొదువలేదు. పసుపు ఉడికించే డ్రమ్ము, పాలిష్ పట్టే జాలీ డ్రమ్ము, ట్రాలీ డాలా, ఏది విరిగినా గంటలో అతికిస్తారు. ఒకసారి ఒక షాపాయన నా సైకిల్ చుట్టూ తిరిగి, 'విరిగితే తీసుకురా తమ్మీ, ఆర్గాన్ పెడ్తా, కొత్తదాని లెక్క ఐతది' అన్నాడు. జిగురు కథ చెప్పాను. వేడి తగిలితే జిగురు కాలిపోతుంది, ఒక మూల బాగుచేయబోతే పక్క మూల ఊడుతుంది. ఆయన కాసేపు చూసి, 'ఐతే నా దగ్గర దీనికి మందు లేదు' అన్నాడు. ఆ మాట నాకు రోజూ గుర్తుంటుంది.

పొద్దున్నే వెళ్తాను. ఫిబ్రవరి, మార్చిలో అయితే ఉడికిన పసుపు వాసన రోడ్డు మీదికే వస్తుంది. కల్లాల్లో కొమ్ము ఒక దిక్కు, మండ ఒక దిక్కు ఆరబోసి ఉంటుంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది, కల్లం దగ్గర మాట మాత్రం ఇంకా రేటు చుట్టూనే తిరుగుతుంది. సైకిల్ ఆపితే ఆ ముచ్చట్లో ఇరుక్కోవాల్సిందే. ఒక దిక్కు నవనాథ సిద్ధులగుట్ట, ఎవరో పేర్చినట్టుండే బండలు. గుట్ట మీదికి మాత్రం దీన్ని తీసుకుపోను, ఎక్కడం సమస్య కాదు, దిగడమే. నాకిష్టమైన తోవ పోచంపాడు. సుమారు 20 కిలోమీటర్లు. 1963లో నెహ్రూ పునాది వేసిన శ్రీరాంసాగర్, 42 గేట్లు. ఈ ఫ్రేమ్ కొంచెం సాగుతుంది, గతుకులు నడుముకు తగలవు. తొక్కుతుంటే పరుపు మీద పోతున్నట్టుంటుంది.

ఆ మెత్తదనమే దీని ప్రాణాల మీదికి తెచ్చేది కూడా. ఇనుము ఒక హద్దు లోపల ఎన్నిసార్లు వంగినా లెక్కచేయదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, వంగిన ప్రతిసారీ ఖాతాలో రాసుకుంటుంది. తుప్పు పట్టదు కానీ చెమట ఉప్పు తింటుంది, ఇనుప బోల్టు తగిలిన చోట మరీ. జిగురుకేమో వయసు మీద పడుతోంది. మా దగ్గర మే ఎండ గురించి చెప్పక్కర్లేదు. అందుకే ఎండలో ఆపను.

పోయిన మార్చిలో పోచంపాడు నుంచి వస్తుంటే పెడల్ దగ్గర 'టిక్, టిక్' అని మొదలైంది. బాల్కొండ దాకా అనుమానం, ఆ తర్వాత భయం. వెనక లారీ హారన్ కొడుతుంటే, కింద ఫ్రేమ్ విడిపోతే ఏమైతదో ఆలోచించడం అంత మంచి అనుభవం కాదు. దిగి నడిచాను. ఇంటికొచ్చి మా చెల్లె నెయిల్ పాలిష్‌తో ప్రతి అతుకు మీద అడ్డంగా సన్న గీత గీశాను. లోపల గొట్టం వెంట్రుకంత కదిలినా గీత చిట్లుతుంది. వారం రోజులు ఇంటి చుట్టే తిప్పాను, గీతలు చెక్కుచెదరలేదు. పెడల్ మర, సీటు గొట్టం విప్పి గ్రీజు పెడితే శబ్దం పోయింది. అయినా హైవే మీద వేగంగా పోవడం మానేశాను. డబుల్స్ అసలే లేదు.

స్నేహితులు గోడకు తగిలెయ్యమంటారు. టైర్ల బాధ చూస్తే నాక్కూడా ఒక్కోసారి అట్లే అనిపిస్తుంది. మన నల్ల సైకిల్ రిమ్ము 635 మిల్లీమీటర్లు, దీనిది 622. పదమూడే తేడా, కానీ ఊళ్లో ఒక్క టైరు పట్టదు. ఆన్‌లైన్‌లో తెప్పించాలి. సన్న వాల్వు, పంచర్ షాపు పంపు పట్టదని ఇత్తడి అడాప్టర్ జేబులో పెట్టుకుని తిరుగుతాను.

ఈసారి లీవుకు వచ్చినప్పుడు కాకకు ఇదంతా చెప్పి, తగిలిద్దామా అని అడిగాను. 'మోసుకొచ్చింది తొక్కనీకే గదరా' అన్నాడు. మర్నాడు పొద్దున తనే తీసుకుని అంకాపూర్ దిక్కు పోయాడు. మొదటిసారి తొక్కడం. గంటన్నర రాలేదు, నేను గేటు దగ్గరే నిలబడ్డాను. వచ్చాక చూస్తే హ్యాండిల్‌కు ఒక కవర్, అందులో కాల్చిన మక్క బుట్టలు. దిగంగనే వంగి పెడల్ దగ్గర గీత చూశాడు.

'మంచిగనే ఉంది' అని నాకొక బుట్ట ఇచ్చాడు.